గావా గుడారంలో ముగ్గురు మొహమాటస్తులు

దోహాలో చదువుకునే రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదని నాకొక గట్టి నమ్మకం ఉండేది. వచ్చి ఏడాది కూడా నిండలేదు. యూనివర్సిటీ, ఫరీజ్ బిన్ మహమూద్‌లో మరో ఇద్దరితో పంచుకున్న గది, ఆ రెండింటి మధ్య బస్సు, నేనెరిగిన ఖతార్ అంతే. అయినా ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఈ ఊరు నేనే దగ్గరుండి కట్టించినంత ధీమాగా మాట్లాడేవాణ్ణి. ఇంజనీరింగ్‌లో నాతో చదివిన ఇద్దరు మిత్రులు జనవరిలో నాలుగు రోజులు గడపడానికి వస్తున్నామనగానే సలహాలు మొదలుపెట్టాను. "ఎడారిలో చలేమిట్రా! స్వెటర్లు మోసుకురాకండి, ఆ బరువుకి ఆవకాయ తెండి" అన్నాను. పాపం, నమ్మారు. విమానాశ్రయం బయట పొట్టి చేతుల టీషర్టుల్లో, చెరొక ఆవకాయ జాడీ గుండెలకి హత్తుకుని, గజగజ వణుకుతూ నిలబడ్డారు. (నా దగ్గర స్వెటర్ ఉంది. అది నేను వేసుకున్నాను.)

వాళ్ళలో ఒకడు పంతులు. మా కాకినాడ వాడే. నిజానికి పంతులు కాదు, ప్రతిదానికీ పాఠం చెబుతాడని ఆ పేరు పెట్టాం. రెండోవాడు లంబు, జగిత్యాల దగ్గర పల్లెవాడు. ప్రతి గుమ్మం దగ్గరా అలవాటుగా తల వంచేంత పొడగరి. పంతులు వచ్చింది ఊరు చూడ్డానికి. లంబు వచ్చింది వాళ్ళ బాపుని చూడ్డానికి. ఆయన ఇక్కడే ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పని చేస్తాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద ఇంటికి వెళ్తాడు. కిందటి సెలవుకి వెళ్ళినప్పుడు లంబు కొత్త ఉద్యోగం ట్రైనింగని పుణేలో ఉండిపోయాడు. అంటే తండ్రీ కొడుకులు ఎదురెదురుగా కూర్చుని నాలుగేళ్ళయింది. మిగతా రోజుల్లో ఆయనకి డ్యూటీ, దొరికేది శుక్రవారం ఒక్కటే. ఆ శుక్రవారం కూడా పొద్దున ఓవర్‌టైమ్ పడింది. మర్నాడు పొద్దున్నే వీళ్ళ విమానం. "అసర్ నమాజు యాళ్ళకు ఏషియన్ టౌన్ల క్రికెట్ గ్రౌండ్ గేటు కాడ ఉంట బిడ్డా. మగ్రిబ్ కాంగనే కంపెనీ బస్సు పోతది" అని ఫోన్లో చెప్పాడు బాపు. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉండి, ఆయనకి గడియారం కూడా మసీదు బాంగు లెక్కనే నడిచేది: అసర్ అంటే మధ్యాహ్నం మూడు, మగ్రిబ్ అంటే పొద్దుగూకే వేళ.

"ఎట్లాగూ మధ్యాహ్నం దాకా ఖాళీయే కదా, ఎడారి చూసొచ్చేద్దాం" అన్నది ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు. "లేటయితే?" అన్నాడు లంబు. "నేనున్నానుగా" అన్నాను. ఒక సీనియర్ దగ్గర చిన్న కారు అరువు తెచ్చి, దక్షిణాన సముద్రం, ఇసుక కలిసే చోటికి తీసుకెళ్ళాను. అక్కడితో ఆగి ఫొటోలు దిగి వస్తే ఈ కథే లేదు. ఇసుకలో టైర్ల జాడలున్నాయి కదా, మనమూ వెళ్ళొచ్చని రోడ్డు దించాను. ఆ జాడలు పెద్ద పెద్ద ల్యాండ్‌క్రూజర్లవి. మా కారు పది గజాలు వెళ్ళి, సుఖంగా కూలబడింది. ఎంత తోస్తే అంత దిగబడింది. పంతులు గాలిలో వణుకుతూనే ఘర్షణ గురించి పాఠం చెప్పాడు.

చలికాలంలో ఇక్కడివాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుని కుటుంబాలతో, స్నేహితులతో వారాల తరబడి గడుపుతారు. దగ్గర్లోని గుడారం లోంచి ఒక పెద్దాయన, ఆయన కొడుకులు వచ్చారు. తాడు కట్టి, ఒక్క లాగుడుతో మా కారుని రోడ్డెక్కించారు. మేం దండాలు పెట్టి బయల్దేరబోతుంటే పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి "గావా!" అన్నాడు. కాఫీ తాగి వెళ్ళమని. అంత సాయం చేసిన మనిషి పిలిస్తే కాదంటామా? "అయిదు నిమిషాలే" అని లంబుకి హామీ ఇచ్చాను.

లోపల తివాచీలు, మధ్యలో నిప్పులు, వెచ్చగా స్వర్గంలా ఉంది. పిడి లేని బుల్లి కప్పుల్లో ఒక కుర్రాడు కొద్దిగా కాఫీ పోసి ఇచ్చాడు. పాలు లేవు, చక్కెర లేదు, యాలకుల వాసన. ఫిల్టర్ కాఫీ తప్ప కాఫీ కాదనే పంతులు కళ్ళు మూసుకుని మింగాడు. మా ఇళ్ళల్లో నేర్పిందేమిటి? ఇచ్చింది వదలకూడదు, గ్లాసు ఖాళీ చేసి ఇవ్వాలి. ఖాళీ చేసి ఇచ్చాం. కుర్రాడు మళ్ళీ పోశాడు. మళ్ళీ ఖాళీ చేశాం. మళ్ళీ పోశాడు. మధ్యమధ్య ఖర్జూరాలు. ఎన్నిసార్లయిందో లెక్క తప్పింది. పంతులు నా చెవిలో "ఒరేయ్, నా గుండె దడదడలాడుతోంది. ఈ దేశం గురించి నీకంతా తెలుసన్నావుగా, ఎలా ఆపాలో చెప్పు" అన్నాడు. "ఇంకొక్కటి తాగితే వాళ్ళే ఆపుతారు" అన్నాను నేను, మహా అనుభవజ్ఞుడిలాగా.

లంబు మాత్రం గుడారం గుమ్మంలోంచి నీడలు పొడుగవడం చూస్తున్నాడు. వాడి ఫోన్ మోగింది. "వచ్చినవా బాపూ? ఆఁ, వస్తున్నం" అన్నాడు. అవతల ఆయన "నిమ్మలంగ రాండ్రి, తొందరేం లేదు" అనడం నాకూ వినిపించింది. తొందరంతా ఆ గొంతులోనే ఉంది. పెద్దాయన ఏమిటన్నట్టు నా వైపు చూశాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? మొహమాటం! చిరునవ్వు నవ్వి "మాఫీ ముష్కిల్" అన్నాను, ఏ ఇబ్బందీ లేదని. కుర్రాడు సంతోషించి నా కప్పు నింపాడు.

ఇక లంబు ఆగలేదు. గభాల్న లేచాడు, గుడారం గుడ్డకి తల తగిలింది. "మేరా బాప్ ఇధర్ కామ్ కర్తా హై. చార్ సాల్ సే నై దేఖా. ఆజ్ హీ మిల్నా, కల్ హమ్ జాతా" అన్నాడు. చేతిలో కప్పు వణుకుతోంది. ఆ వణుకుతున్న కప్పుని కుర్రాడు ఠక్కున తీసుకుని పక్కన పెట్టేశాడు! చాలు అని చెప్పడానికి ఇక్కడ కప్పుని ఇటూ అటూ ఊపాలట. ఖాళీ కప్పు చాపితే ఇంకా కావాలని అర్థమట. ఆ సంగతి పెద్దాయన మాకు హిందీలో చెప్పి, నా వైపు తిరిగి "బాప్ వెయిటింగ్, తుమ్ గావా పీతా?" అని నిజంగానే కేకలేశాడు. "యల్లా, యల్లా!" అని మమ్మల్ని దాదాపు గెంటేశాడు. మేం మళ్ళీ ఇసుకలో దిగకుండా ఆయన కొడుకు పెద్ద రోడ్డు దాకా ముందు కారులో దారి చూపించాడు.

ఏషియన్ టౌన్ చేరేసరికి మగ్రిబ్ బాంగు అయిపోయింది. శుక్రవారం సెలవని కార్మికులంతా చేరిన ఆ జనంలో మనిషిని వెతకడమెలాగా అనుకుంటున్నాను. గేటు పక్కన, ఇస్త్రీ చొక్కా, నెత్తికి మంకీ క్యాప్, నిటారుగా ఒక మనిషి. లంబు కారు ఆగకముందే దిగాడు. పరుగెత్తినవాడు దగ్గరికెళ్ళాక ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడు. ఆయన తలెత్తి కొడుకుని పైనుంచి కిందికి చూసి, "గింత పొడుగైనవేందిరా!" అన్నాడు. ఆ వెంటనే "స్వెటర్ లేదా? ఎవడు జెప్పిండు నీకు ఇట్ల రమ్మని?" అని తన మఫ్లర్ తీసి వాడి మెడకి చుట్టాడు. (నేను ఎటో చూశాను.)

"బస్సు పోయిందా బాపూ?" అన్నాడు లంబు, దోషిలా.

"పోయింది. రేపు గూడ వస్తది బిడ్డా బస్సు. నువ్వొస్తవా?"

లంబు ఆ మఫ్లర్‌లో మొహం దాచుకున్నాడు. పంతులు మొదటిసారి పాఠం మరిచిపోయాడు. తర్వాత నలుగురం హోటల్లో కూర్చున్నాం. తండ్రీ కొడుకులు పొలం గురించీ, చెల్లె చదువు గురించీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆయన్ని క్యాంప్ గేటు దాకా దింపినప్పుడు, లోపలికి వెళ్ళే ప్రతివాణ్ణీ ఆపి "మా పెద్దోడు" అని చూపించాడు.

ఊరెళ్ళాక లంబుని వాళ్ళ నానమ్మ "దుబాయ్‌ల ఏమేం చూసినవ్‌రా?" అని అడిగిందట (ఆవిడకి గల్ఫంతా దుబాయే). "బాపును చూసిన" అన్నాడట. ఇంకేమీ చెప్పలేదట. పంతులు ఈ మాట ఫోన్లో చెబితే నేను నిజంగానే చిన్నబుచ్చుకున్నాను. మ్యూజియం చూపించానా, సముద్రం ఒడ్డున గంటలకొద్దీ నడిపించానా, ఒక్కదాని పేరైనా ఎత్తకూడదా అని. ఉద్యోగం కూడా ఈ ఊళ్ళోనే దొరికి, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. చలిగాలి మొదలవగానే అప్పుడు అలిగిన ఆ కుర్రాడు, అంటే నేనే, గుర్తొస్తాడు, నవ్వొస్తుంది. ఆ నవ్వుతోనే ఫోన్ తీసి మా నాన్నకి చేస్తాను. "ఏరా, ఏమిటి విశేషం?" అంటారాయన. "ఏమీ లేదు నాన్నా, ఊరికే" అంటాను.