నేల తగలని చిమ్మిలి

2023లో వానలు మొదలైన రోజులవి. గాజువాక మెయిన్ రోడ్డుకు ఒక సందు లోపల నా క్లినిక్. కుక్కలు, పిల్లులు, అప్పుడప్పుడు ఎవరిదో చిలక. పెంపుడు జంతువుల డాక్టరంటే రోజంతా కుక్కపిల్లలతో ఆడుకుంటుందనుకుంటారు జనం. నాకు ఆ తీరిక ఎప్పుడూ దొరకలేదు. వాటిని తీసుకొచ్చే మనుషులకు నచ్చజెప్పడంలోనే సగం ఉద్యోగం గడిచిపోయింది. చిమ్మిలి వాళ్ళింటి సంగతి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది.

చిమ్మిలి పొమరేనియన్ తల్లికీ, ఊరూ పేరూ తెలియని తండ్రికీ పుట్టిన చిన్న ఆడకుక్క. నల్ల నువ్వుల చిమ్మిలి ఉండ రంగులో గుండ్రంగా ఉంటుందని ఆ పేరు పెట్టింది ఆ ఇంటి పెద్దావిడ అప్పలనరసమ్మ. ఆవిడ కొడుకు సన్యాసిరావు పోర్టులో క్రేన్ ఆపరేటరు, కోడలు సత్యవతి. సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. కూతురికి పెళ్ళి చేసి పంపాక ఇంట్లో మిగిలింది ఈ ముగ్గురూ, చిమ్మిలీ.

ఆ కాలనీలోనే ఒక బైకు దాన్ని గుద్దేసి పోయింది. భుజం దగ్గర నరాలు తెగి ఎడమ ముందు కాలు చచ్చుబడింది. నడిచినప్పుడల్లా ఆ కాలు నేల మీద ఈడ్చుకుపోయి పుండు పడింది, పుండు మానడం లేదు. యాంప్యుటేషన్, అంటే కాలు మొదలంటా తీసేయడం తప్ప దారి లేదన్నాను. సత్యవతి ఏడ్చింది. అప్పలనరసమ్మ గారైతే దేవుడిచ్చిన కాలు తియ్యడానికి నువ్వెవరని నన్నే నిలదీశారు. "మూడు కాళ్ళతో మీకంటే ముందు పరిగెడుతుంది, చూడండి" అని మాటిచ్చాను. సన్యాసిరావు తల్లి వైపు చూడకుండా ఒప్పుకున్నాడు. ఆపరేషన్ నేనే చేశాను.

గాయం చక్కగా మానింది. కుట్లు తీసిన రోజు చిమ్మిలి క్లినిక్‌లో నాలుగడుగులు గెంతుతూ వేసింది కూడా. నెమ్మదిగా నడిపించండని చెప్పి పంపించాను. నెల దాటాక సన్యాసిరావు ఒక్కడే దాన్ని చేతుల్లో పెట్టుకుని వచ్చాడు. టేబుల్ మీద నిలబెడితే వెనక కాళ్ళు వణికాయి, మెల్లగా కూలబడిపోయింది. మళ్ళీ నిలబెట్టాను, మళ్ళీ కూలబడింది. కుక్క ఒంటి బరువులో ఎక్కువ పాలు ముందు కాళ్ళే మోస్తాయి. అందులో ఒకటి పోయాక వెనకవి గట్టిగా ఉండి తీరాలి. అవి కూడా పోతే ఆ కుక్కకు బతుకు లేదు.

సన్యాసిరావు తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఒక కాలు నానే తీయించాను మేడమ్. ఇప్పుడు ఎనక కాళ్ళు కూడా పోతన్నాయి. పాకుతా బతకమంటే ఏటి న్యాయం? మా అమ్మకి తెలీకుండా ఆ ఇంజెక్షన్ ఏదో ఇచ్చీగలరేటి?"

ఎంత ఎత్తునో ఉండే క్యాబిన్‌లో కూర్చుని పెద్ద పెద్ద కంటైనర్లు ఎత్తి దించే మనిషి. ఆ మాట అంటూనే చిమ్మిలి వీపు నిమురుతున్నాడు. కోపం రాబోయి ఆగిపోయింది. ఒక నెల గడువివ్వమన్నాను. అప్పటికీ నిలబడకపోతే ప్రాణం తీసే ఆ ఇంజెక్షన్ నేనే ఇస్తానన్నాను. మాటిచ్చి కోసింది నేను కాబట్టి ఆ పాపం కూడా నాదే అవుతుందనుకున్నాను.

అప్పుడు పరీక్షలు మొదలుపెట్టాను. మొదటిది ప్రొప్రియోసెప్షన్ టెస్ట్. పేరు పెద్దదే గానీ పని చిన్నది. కుక్క పాదాన్ని వెనక్కి మడిచి, పైభాగం నేలకు ఆనేలా పెడతాం. నరాలు బాగుంటే వెంటనే పాదం సరిచేసుకుంటుంది. వెన్నుపూస దగ్గర దెబ్బ ఉంటే కాలు ఎలా ఉందో దానికి తెలియక అలాగే వదిలేస్తుంది. చిమ్మిలి నేను మడిచిన క్షణంలోనే సరిచేసుకుని, ఏం పని ఇది అన్నట్టు నా వైపు చూసింది. ఎక్స్‌రేలో వెన్ను బాగుంది. మోకాలి చిప్పలు జారడం లేదు. టిక్ ఫీవర్, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం కూడా లేదని రక్తపరీక్ష చెప్పింది. రెండే తేడాలు కనిపించాయి. తొడలు కండ కరిగి పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం బానలా ఉంది.

ఇంట్లో ఎలా నడుస్తోందని అడిగితే, తాను చూసినప్పుడు జారి పడుతోంది గానీ మిగతా వేళల్లో తిరుగుతూనే ఉంటుందన్నాడు. సత్యవతికి ఫోన్ చేసి అడిగాను, ఇల్లంతా తిరుగుతుందంది. తిరిగే కుక్కకు కండ ఎందుకు కరుగుతుంది? ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు.

ఆ ఆదివారం ఆనందపురంలో మా బంధువుల పెళ్ళి. సబ్బవరం మీదుగానే దారి. చెప్పాపెట్టకుండా కారు వాళ్ళింటి వైపు తిప్పించాను. పట్టుచీరలో దిగిన నన్ను చూసి సత్యవతి ఎవరో పేరంటానికి పిలవడానికి వచ్చారనుకుంది. లోపల టైల్స్ నేల తళతళలాడుతోంది. సోఫాలో అప్పలనరసమ్మ గారు, ఆవిడ ఒళ్ళో చిమ్మిలి. దాని నడుముకు మెత్తని పాత నూలుచీర పేలిక బిగించి చుట్టి ఉంది. బాలింతలకు కట్టే నడికట్టు! పక్కనే గిన్నెలో పాత బియ్యం అన్నం, పైన నెయ్యి, వేయించిన ఎండు నెత్తళ్ళ చేపలు. అది బాలింత పథ్యమని గుర్తుపట్టడానికి నాకు డాక్టరు చదువు అక్కర్లేకపోయింది.

టీ తాగే వంకతో గంటసేపు కూర్చున్నాను. చిమ్మిలికి దాహం వేసినట్టుందని సత్యవతి దాన్ని ఎత్తుకెళ్ళి నీళ్ళ గిన్నె దగ్గర పట్టుకుంది. కాసేపటికి సన్యాసిరావు పెరట్లోకి ఎత్తుకెళ్ళి, పని అయ్యేదాకా పొట్ట కింద చెయ్యి పెట్టి గాల్లోనే పట్టుకుని, మళ్ళీ ఎత్తుకొచ్చాడు. టీవీ పెట్టగానే పెద్దావిడ ఒళ్ళోకి చేరింది. ఇంతలో వీధిలో ఎవరిదో కుక్క అరిచింది. చిమ్మిలి చెవులు నిక్కబొడుచుకుంది. వెంటనే సత్యవతి దాన్ని చంకనేసుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది, మొరుక్కోవడానికి! నేను టీ మింగలేక, నవ్వాపుకోలేక అవస్థపడ్డాను.

ఆ గంటలో దాని కాలు ఒక్కసారి కూడా నేలకు ఆనలేదు. అదే చెప్పాను. సన్యాసిరావు, తాను పెరట్లోకి మాత్రమే ఎత్తుతానన్నాడు. సత్యవతి, తాను నీళ్ళకీ కిటికీకీ తప్ప ముట్టుకోనంది. మిగతా వేళల్లో తిరుగుతుందనే ఇద్దరి నమ్మకమూ. మిగతా వేళలన్నీ పెద్దావిడ ఒళ్ళోనే. ఎవరూ అబద్ధం చెప్పలేదు. తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నారు, అంతే. ఎప్పుడైనా దిగినా ఆ నున్నటి టైల్స్ మీద జారి పడుతుంది, పడగానే ఆరు చేతులు ముందుకొస్తాయి. చిమ్మిలి కూడా లేచే ప్రయత్నం మానేసి చేతుల కోసం చూడటం నేర్చేసుకుంది. ముద్దు చేసిన కుక్క మూతి నాకుతుందంటారు, ఇది అదీ కాదు, ఏకంగా కాళ్ళే మరిచిపోయింది.

ఈ రోజు నుంచి దాన్ని ఎవరూ ఎత్తకూడదన్నాను. పెద్దావిడకు కోపం వచ్చింది.

"కోసిన ఒంటికి నేల సలవ తగలకూడదు గదమ్మా. పురుడు పోసుకున్న ఆడదాన్ని నేల మీద నడిపిత్తారేటి? నానున్నంత కాలం నా ఆడగుంట నేల మీద పడదు."

పడనిస్తేనే బతుకుతుందని ఎంత చెప్పినా వినలేదు. నా పట్టుచీర వైపు చూసి, సోకులు చేసుకుని తిరిగే నీకేం తెలుస్తుందన్నట్టు మొహం తిప్పుకున్నారు. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ సన్యాసిరావు, తల్లి మొహం చూడకుండానే అసలు సంగతి బయటపెట్టేశాడు.

"అమ్మా, ఈ నెల్లో నడవకపోతే దానికి ఇంజెక్షన్ ఇచ్చీమని సెప్పీసాను."

టీవీలో ఎవరో మాట్లాడుతున్నారు, సత్యవతి లేచి కట్టేసింది. పెద్దావిడ చిమ్మిలి తల నిమిరారు. దాన్ని ఒళ్ళోంచి ఎత్తి పట్టుకుని నన్ను అడిగారు, ఎక్కడ దింపాలని.

గోనె సంచులు తెమ్మన్నాను. కోసి, హాలు నుంచి పెరటి గుమ్మం దాకా వరసగా పరిచాం. జారకుండా కాలు ఆనాలంటే గరుకు కావాలి. పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని నేలమీద కూర్చున్నాను. నడికట్టు విప్పి, అదే పేలికను వెనక కాళ్ళకు ముందు, పొట్ట కింద నుంచి వేసి, రెండు కొసలూ పైకి పట్టుకున్నాను. దీన్ని స్లింగ్ అంటాం, ఊయల లాంటి ఊత. బరువు మనం మొయ్యకూడదు, పడబోతే మాత్రం ఆపాలి. కొసలు పెద్దావిడ చేతికిచ్చి నేర్పాను. చిమ్మిలి ఆవిడ మొహంలోకి చూసి మూలిగింది. రెండడుగులు వేసి పక్కకు ఒరిగింది. ఆవిడ చేతులు స్లింగ్ వదిలి దాని మీదకు వెళ్ళాయి, మధ్యలోనే ఆగాయి. "సూడలేకపోతన్నాను డాట్రమ్మా" అని మొహం తిప్పుకున్నారు గానీ ఎత్తలేదు. చిమ్మిలి తనంతట తనే తంటాలుపడి లేచింది. అక్కడికి పెళ్ళి ముహూర్తం దాటిపోయింది. భోజనాలకు మాత్రం అందుకున్నాను.

పథ్యం మాన్పించి కొలిచి పెట్టే తిండి రాసిచ్చాను. తిండి చూపించి కూర్చోబెట్టడం, లేపడం రోజూ చేయించమన్నాను. తొడ కండకు అదే దండీలు, బస్కీలు. ఎత్తుకున్నవాళ్ళకు ఆ పూట టీ లేదని సత్యవతి ఇంట్లో చట్టం పెట్టింది. ఆ చట్టం కింద ఎక్కువ టీలు పోగొట్టుకున్నది సన్యాసిరావేనట. డ్యూటీ నుంచి రాగానే అలవాటుగా చేతులు చాపేసేవాడు. మూడో వారంలో చిమ్మిలి గోనె సంచులు దాటి పెరటి మట్టిలోకి వెళ్ళిందని ఫోన్ చేశాడు.

గడువు దాటకముందే ముగ్గురూ క్లినిక్‌కు వచ్చారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆటో ఆగగానే చిమ్మిలి సన్యాసిరావు కాళ్ళ మధ్య నుంచి ముందు ఫుట్‌బోర్డు మీదకూ, అక్కడి నుంచి నేల మీదకూ దిగింది. మూడు కాళ్ళతో గెంతుతూ వచ్చి మెట్టు దగ్గర తడబడింది. వెనక మూడు జతల చేతులు ఒకేసారి ముందుకు లేచి, గాల్లోనే ఆగిపోయాయి. అది ఒక్క క్షణం ఆగి, వెనక కాళ్ళు కూడదీసుకుని మెట్టెక్కేసింది. పెద్దావిడ భుజం మీద మడత పెట్టిన నడికట్టు అలాగే ఉంది. టేబుల్ మీద తొడలు తడిమి చూశాను, కండ పట్టింది. ఇంజెక్షన్ మాట ఎవరూ ఎత్తలేదు.

వెళ్ళబోతూ అప్పలనరసమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎత్తుకోకపోతే నాకు పేమ లేదనుకుంటాదని బయమేసింది డాట్రమ్మా. మొన్న పొద్దున్న పెరట్లో కూకుంటే, పిలవకుండా అదే నా కాడికి నడిసొచ్చీసింది."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో ఎక్స్‌రేలు చూశాను. ప్రేమ ఎక్కువై కాళ్ళు చచ్చుబడటం ఏ ఎక్స్‌రేలోనూ కనపడదని ఆ ఇల్లే నాకు నేర్పింది. ప్రేమించే చేతికి ఎత్తుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు, ఆగడమే నేర్చుకోవాలి. అప్పటి నుంచి ఆపరేషన్ అయిన కుక్కను తెస్తే ఎలా నడుస్తోందని అడగడం మానేశాను. "ఇంట్లో ఎవరెవరు ఎత్తుకుంటారు?" అని అడుగుతాను. ముందు ఎవరూ ఎత్తుకోరంటారు. తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.