ముక్కుకు బిరడా

నా చిన్నప్పుడు మేం మండపేటలో ఒక రైస్ మిల్లు గోడను ఆనుకుని ఉన్న ఇంట్లో ఉండేవాళ్లం. మా నాన్న ఆ మిల్లులోనే గుమాస్తా. కోతలయ్యాక మిల్లు పగలంతా ఆడేది. ఊక దుమ్ము గాలిలో తేలివచ్చి మా అరుగు మీద, ఆరేసిన బట్టల మీద, చివరికి మంచినీళ్ల బిందె మూత మీద కూడా సన్నగా పరుచుకునేది. ఆ రోజుల్లో నా ముక్కు కారుతూనే ఉండేది. తుడుచుకుని తుడుచుకుని చొక్కా చేతి అంచు అట్టకట్టిపోయేది.

మా బాబాయికి వేళాకోళం ఎక్కువ. ఒక ఆదివారం పొద్దున్నే నన్ను పదమూడో ఎక్కం అడిగాడు. పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయాను.

"తెలివంతా ముక్కులోంచి కారిపోతుంటే ఇంక ఎక్కాలెక్కడుంటాయిరా!" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాటలో తప్పు కనబడలేదు. ముక్కు ఉన్నది తలలో, తెలివి ఉన్నదీ తలలోనే. ఇంత కారుతోందంటే లోపల ఏదో ఒకటి తగ్గాలి కదా. పైగా మర్నాడే లెక్కల పరీక్ష.

మిల్లు పక్కన పెరిగినవాడికి కారడమంటే నష్టమే. బస్తాకి చిల్లు పడి బియ్యం కారుతుంటే, మోసేవాళ్లు ముందు ఇంత గడ్డి తీసి ఆ చిల్లులో కుక్కేవారు. మిగతా పనంతా తర్వాతే. నేనూ అదే చేశాను. పాత దిండు చిరుగులోంచి దూది లాగి, గట్టిగా నులిమి, ముక్కులో రెండు వైపులా దూర్చాను. సాయంత్రం దాకా నోటితో గాలి పీలుస్తూ ఎక్కాలు వల్లించాను. గొంతు ఎండి గరగరలాడింది. అయినా చుక్క కారలేదు. తెలివి నిలిచిందన్న ధైర్యం వచ్చింది.

పక్కింటి అక్క రామచంద్రపురం కాలేజీలో బైపీసీ చదివేది. ఆ సాయంత్రం వాళ్ల అరుగు మీద బెండకాయలు తరుగుతూ నన్ను చూసి పిలిచింది.

"ఏంట్రా ఆ దూది? రక్తం గానీ వచ్చిందా?"

"కాదక్కా, బుక్కు కారిపోతోంది."

"బుక్కు కారడం ఏంట్రా?"

"బుక్కు కాదక్కా, బుక్కు!" అంటూ వేలితో ముక్కు చూపించాను. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు. బాబాయి అన్నదీ, రేపటి పరీక్షా, అన్నీ చెప్పేశాను.

అక్క నవ్వలేదు. ఛీ అనలేదు. ఆ దూది తనే లాగి పారేసి, ఓణీ చెంగుతో నా ముక్కు శుభ్రంగా తుడిచింది. తర్వాత లోపలికి వెళ్లి రెండు స్టీలు పళ్లేలు తెచ్చింది. తరిగిన బెండకాయ జిగురు ఒకదానికి బాగా పులిమింది, రెండోది పొడిగా వదిలేసింది. రెండింటినీ మిల్లు వైపు పిట్టగోడ మీద పెట్టి, కూర పొయ్యి మీంచి దిగేదాకా ఆగమంది.

కూర దిగాక వచ్చి, "ఇప్పుడు ఊదు," అంది.

పొడి పళ్లెం మీద ఊదితే దుమ్మంతా లేచి నా మొహాన పడింది. రెండుసార్లు తుమ్మాను. జిగురు పళ్లెం మీద ఎంత ఊదినా దుమ్ము కదలలేదు.

"నీ ముక్కులో ఉన్నదీ ఇలాంటి జిగురేరా. అది లేకపోతే ఈ మిల్లు దుమ్మంతా నీ ఊపిరితిత్తుల్లోకే పోయేది."

ఆపైన అక్క నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ముక్కు లోపలి పొరలో కంటికి కనిపించని గ్రంథులుంటాయట. అవి జబ్బు లేనప్పుడు కూడా రోజంతా ఆ జిగురును ఊరిస్తూనే ఉంటాయట. దుమ్మునీ సూక్ష్మజీవుల్నీ అది అంటించుకుంటే, కంటికి ఆనని సన్నని నూగు దాన్ని గొంతు వైపు నెడుతుందట. మనకు తెలియకుండానే మింగేస్తామట. దుమ్ము ఎక్కువైనా, పడిశం పట్టినా, లోపలికి వచ్చినదాన్ని కడిగేయడానికి ముక్కు మరింత ఊరిస్తుంది. అప్పుడే బయటికి కారుతుంది. పీల్చిన గాలిని తడిపేదీ ఆ చెమ్మే. నా గొంతు ఎందుకు ఎండిందో అప్పటికి అర్థమైంది.

"మరి తెలివో?" అన్నాను, అసలు సంగతి ఇంకా తేలలేదని.

"దాని గది వేరురా. మధ్యలో ఎముక గోడ ఉంది. మీ బాబాయికి ముక్కు కారదుగా, పదమూడు ఏడులు ఎంతో ఆయన్ని చెప్పమను."

వెళ్లి అడిగాను. బాబాయి పనుందంటూ సైకిలెక్కాడు.

మర్నాడు పరీక్ష అయ్యేదాకా ముక్కు కారుతూనే ఉంది. ఎక్కాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇప్పుడు నేను పంపుల మరమ్మతులు చూసే ఇంజనీరుని. కొన్ని పంపుల్లో తిరిగే ఇరుసు చుట్టూ, నీళ్లు ఎగజిమ్మకుండా, తాడులాంటి ప్యాకింగ్ చుట్టి బిగిస్తాం. అందులోంచి నీళ్లు చుక్కచుక్కగా కారుతూ ఉండాలి. అలా కారితేనే ఇరుసు వేడెక్కకుండా ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఆ చుక్క చూడగానే కంగారుపడి స్పానర్ అందుకుంటారు. ఆగమంటాను. బిగించేముందు అది ఎందుకు కారుతోందో కనుక్కోమంటాను. ఆ మాట అనేటప్పుడు నా చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోతుందని, వెనకాల వాళ్లు నన్ను అనుకరించి నవ్వుకుంటారని నాకు తెలుసు.