దిద్దకూడదని నేర్చిన నర్సు

తమిళనాడులోని కోవిల్‌పట్టి వృద్ధాశ్రమంలో నర్సు జోతిలక్ష్మికి ఒక్కటే బలహీనత. ఎవరు తప్పు చెప్పినా దిద్దకుండా ఉండలేదు. బస్సులో కండక్టరు అరిచే ఊరి పేరును దిద్దుతుంది, గుళ్లో పూజారి చెప్పే గోత్రాన్ని దిద్దుతుంది. అటువంటి మనిషి 2008లో ఆదివారాలు బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని, మతిమరుపు జబ్బువాళ్లను ఎలా చూసుకోవాలో ఆన్‌లైన్ పాఠాలు నేర్చుకుంది. ‘రోగి మాటను దిద్దకండి, వాదించకండి’ అన్న పాఠంలో నూటికి నూరు తెచ్చుకుంది. పాఠం చెప్పిన గొంతును మాత్రం రెండుచోట్ల దిద్దింది.

ఆశ్రమంలో కొండమ్మాళ్ అనే ముసలామె నెలల తరబడి సరిగా తినదు, మాట్లాడదు. ఇద్దరిదీ ఇంట్లో తెలుగే అయినా, యూనిఫాం వేస్తే జోతిలక్ష్మి నోట తమిళమే. ఒకనాడు ఇడ్లీ తినిపిస్తుంటే ముసలామె ఆమెను కోడలనుకుంది.

“మీ మామ సంతనించి వచ్చే పొద్దాయె.”

ఆ మామ పోయి చాలా ఏళ్లయింది. జోతిలక్ష్మి పెదవి కరుచుకుని, అవునన్నట్టు తమిళంలో “ఆమాం” అని ఊరుకుంది.

“ఇడ్లీ రాయిమాదిరి ఉండాది. బియ్యమెంతో ఉద్దులూ అంత పొయ్యమంటి గదా?”

మినుముల కొలత తప్పేసరికి నూరు మార్కులూ, తమిళమూ ఒక్కసారిగా గాలికి పోయాయి.

“అన్ని ఉద్దులా! నాలుగుపడి బియ్యానికి ఒకపడే అత్తా!”

కొండమ్మాళ్ లేచి కూర్చుంది. “ఎవురికే చెప్తావు? నువ్వు పుట్టకముందే రుబ్బితి నేను!”

వాదిస్తూ వాదిస్తూ పళ్లెం ఖాళీ చేసింది. మర్నాడు బుద్ధిగా నోరు మూసుకుని వచ్చిన జోతిలక్ష్మిని చూసి ఆమె మొహం చిన్నబోయింది.

“ఏమే, ఈపొద్దు కొట్లాడవా?”