పురుటి బట్టలు

కోడేరు దగ్గర ఒక ఊళ్లో నలభై ఇళ్ల బట్టలు ఉతికేది చాకలి మల్లమ్మ. ఆమె బిడ్డ భీమమ్మ నర్సు ట్రైనింగు ముగించుకుని, 2004లో సొంతూరి ఆరోగ్య కేంద్రానికే వచ్చింది. తెల్లచీరలో బస్సు దిగిన బిడ్డకు మల్లమ్మ ఎదురెళ్లి సంచి అందుకుంది.

సూది వేయించుకునేటప్పుడు ఎవరూ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె దాహమడిగితే మాత్రం మంచినీళ్లు గ్లాసులో ఇవ్వక దోసిట్లోనే పోసేవాళ్లు.

ఆ శ్రావణంలో పెద్ద రైతు కోడలు గీతకు నొప్పులొచ్చాయి. వాగు పొంగడంతో నాగర్‌కర్నూల్ దవాఖానకు జీపు కదలక, భీమమ్మను ఇంటికి పిలిపించారు. బిడ్డ మెడకు బొడ్డుపేగు చుట్టుకుంది. భీమమ్మ దాన్ని తప్పించి, వీపు తట్టి పసివాణ్ణి ఏడిపించింది. గీత అత్త వెంకటమ్మ ఆమె చేతులు కళ్లకద్దుకుంది.

కాసేపటికి ఆ వెంకటమ్మే నెత్తుటి చీరలు మూటకట్టి ముందు పెట్టింది.

"పోతపోత గివి తీస్కపో. మీ అమ్మ మల్ల వచ్చుడెందుకు?"

"నేను నర్సును పటేలమ్మా."

"అయితే ఏంది? మీవోళ్లు గాక ఎవలు ఉతుకుతరు?"

భీమమ్మ మూట ముట్టకుండా వచ్చేసింది. మర్నాటి నుంచి మల్లమ్మను ఏ ఇల్లూ బట్టలకు పిలవలేదు.

"నా జీతం మనకు సాలదా అమ్మా?"

"తిండికి సాలుతది. రేపు నేను సస్తే మొయ్యనీకె ఎవలొస్తరే?"

తను దూరంగా ఉంటే ఊరి కోపం చల్లారుతుందేమోనని భీమమ్మ బదిలీ అడిగి సోమశిల వైపు వెళ్లింది. అక్కడ గది చూపించిన ఇంటామె తాళంచెవి ఇవ్వబోతూ ఆగింది.

"మీరు ఏమోళ్లమ్మా?"

భీమమ్మ కులం చెప్పింది. తాళంచెవి ఇంటామె కొంగుముడిలోకి వెళ్లిపోయింది. "మా చుట్టాలొస్తున్నరు, యాది మరిచిన." ఇంకో రెండిళ్లలోనూ అంతే. గది దొరక్క సొంతూరి నుంచే రోజూ మూడు బస్సులు మారి తిరిగింది.

నెల తర్వాత ఒక ఆదివారం తల్లి ఇంట్లో కనిపించలేదు. వాగులో మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, దగ్గుతూ బట్టలు ఉతుకుతోంది. వెంకటమ్మ కాళ్లు పట్టుకుని పని మళ్లీ అడుక్కుందట.

"నువ్వు పో, మంది సూస్తరు" అంది మల్లమ్మ.

భీమమ్మకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగి, తల్లి చేతిలోని బట్ట అందుకుంది. ఒడ్డున పోతున్న వెంకటమ్మ ఆగి చూసింది.

"మనవనికి ఒళ్లు కాల్తున్నది నర్సమ్మా. బట్టలైనంక జర వచ్చి సూడు."

ఆ ఏడాది చివర భీమమ్మ బదిలీ రద్దు చేయించుకుంది. పగలు సొంతూరి ఆరోగ్య కేంద్రం, సాయంత్రం తల్లితో వాగు. బట్టల సోడాకు పగిలిన వేళ్ల మీద గ్లౌజులు తొడుక్కుని పిల్లలకు టీకాలు వేసేది.