ముద్దు వెనక అమ్మ

ట్యునీషియాలో మా స్ఫాక్స్ రేవు పక్క సినిమా హాల్లో ముఖ్తార్ ముప్పై ఏళ్ళు బొమ్మ వేశాడు. తెర మీద ముద్దు రాబోతుంటే లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. కుటుంబాలు వచ్చే హాలు మరి.

ఒక మధ్యాహ్నం, ఎప్పుడో మా రేవులోనే తీసిన ఇటలీ సినిమాను ఖాళీ హాల్లో వేసి సరిచూస్తున్నాడు. ముద్దు దగ్గర అలవాటుగా చెయ్యి లేచింది.

భోజనానికి కుస్కుసు తెచ్చిన చెల్లెలు దలీలా నవ్వింది. "తియ్యన్నా, ఈ వయసులో చెడిపోనులే."

తీశాడు. జంట వెనక, చేపల డబ్బాల ఫ్యాక్టరీ గేటు ముందు ఆడవాళ్ళు బైఠాయించి ఉన్నారు. తెల్లని ముసుగులు తెరచాపల్లా ఊగుతున్నాయి. ముందు వరసలో పడుచు వయసులో వాళ్ళమ్మ.

సమ్మె చేశామని ఆమె చెప్పినప్పుడల్లా, "ఏ పుస్తకంలో ఉందమ్మా? కలగన్నావులే" అనేవాడు ముఖ్తార్. అమ్మ పోయి ఏడేళ్ళు.

"ఈ సినిమా ఎన్నిసార్లు వేశావు?"

"నలభైసార్లు. ప్రతిసారీ నేనే మూశాను."

సాయంత్రం ఆటలో చెయ్యి అడ్డు రాలేదు.

"సిగ్గులేదూ ముఖ్తార్!" పెద్దలు అరిచారు.

"ముద్దునొదిలి వెనక చూడండయ్యా, మా అమ్మ ఉంది!"

హాలు సద్దుమణిగింది. ఒక ముసలామె లేచి, అమ్మ పక్కన కూర్చున్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పసాగింది. అవి పూర్తికాకముందే దృశ్యం మారిపోయింది. ముఖ్తార్ బొమ్మ ఆపి, రీలు వెనక్కి తిప్పాడు.