బావ బండి ముందు టైరు

నిన్న ఉదయం గుంటూరు మిర్చి యార్డులో ఉన్నాను. మేనకోడలు స్వాతి ఫోన్ చేసింది.

"మామయ్యా, నాన్న పోయాడు."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "బండి మీదా?"

"కాదు. ఇంట్లోనే. కాఫీ తాగి పేపర్ తీశాడు. అంతే."

హార్ట్ ఎటాక్. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

విలేకరిగా చావు వార్తలు చాలా రాశాను. ఎవరు, ఎక్కడ, ఎలా అని అడగడం అలవాటు. నిన్న ఆ మూడూ తెలిశాక కూడా, వాళ్ళ ఊరు పర్చూరుకి బస్సు ఎక్కడ ఆగుతుందో గుర్తురాక పక్కవాళ్ళని అడిగాను.

కోటేశ్వరరావు బావ మా మేనత్త కొడుకు. మా అక్క విజయ భర్త. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ మనిషి. పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు వైపు పత్తి, మిరప వేసే ఊళ్ళన్నీ బైక్ మీదే తిరిగాడు.

కంపెనీ పెట్రోలుకి ఇచ్చేది. టైర్లకు ఇచ్చేది కాదు. అందుకని బావ ఎప్పుడూ గట్టి రబ్బరు టైర్లే కొనేవాడు. అవి త్వరగా అరగవు.

"ఆ ముందు టైరుకి రిటైర్మెంట్ ఇవ్వు బావా" అంటే, "ఇంకా గీతలు కనబడుతున్నాయి కదరా. నీ నెత్తిమీద జుట్టు కంటే నయం" అనేవాడు.

గీతలున్న మాట నిజమే. కానీ రబ్బరు పాతబడితే గీతలున్నా బిరుసెక్కిపోతుంది. తడి రోడ్డు మీద పట్టు ఉండదు.

మన రోడ్ల సంగతి మీకు తెలుసు. తొలకరికి ట్రాక్టర్లు చేలల్లోంచి నల్లరేగడి మోసుకొచ్చి తారు మీద పరుస్తాయి. దాని మీద నాలుగు చినుకులు పడితే చాలు.

ఒకసారి ఇంకొల్లు నుంచి వస్తూ మలుపులో బావ బ్రేకు వేశాడు. ముందు చక్రం జారింది. బావకు మోకాలు గీరుకుపోయింది. వెనక కూర్చున్న అక్కకు కుడి మణికట్టు విరిగింది.

అక్క బ్లౌజులు కుడుతుంది. ఆ సీజనంతా మిషన్ మీద కప్పిన గుడ్డ తీయలేదు.

కట్టు విప్పిన రోజు చెప్పింది.

"బావా, నీతో ఎక్కడికైనా వస్తా. నీ బండి మాత్రం ఎక్కను."

పెళ్ళయ్యాక కూడా అక్క బావా అనే పిలిచేది.

అన్నమాట మీద నిలబడింది. మిరప కోతల రోజుల్లో ఒకసారి మేం ముగ్గురం చిలకలూరిపేటలో పెళ్ళికి బయల్దేరాం. అక్కా నేనూ షేర్ ఆటోలో. బావ ఆటో పక్కనే బైక్ మీద.

పక్కనే అంటే పక్కనే. అక్కతో మాట్లాడుకుంటూ.

"గ్యాస్ కట్టేశావా?"

"కట్టేశా. ముందు చూసి నడుపు."

ఆటో డ్రైవర్ తల బయటపెట్టాడు. "అయ్యా, ముందుకన్నా పోండి, వెనక్కన్నా రండి. బస్సోడు హారన్‌తో చంపేస్తున్నాడు."

ఆటోలో కాయ కోతకు వెళ్తున్న ఒక పెద్దావిడ అక్కని అడిగింది. "ఎవరమ్మా ఆయన?"

"మా ఆయనే."

"మరి బండెక్కవే?"

"ఒకసారి పడేశాడు."

"తాగా?"

"తాగడు."

"తాగకుండానే పడేశాడా! మా ఆయనే నయం!"

ఆటో అంతా నవ్వింది. బావకు వినబడింది. నవ్వలేదు. పెళ్ళిలో కూడా సరిగా తినలేదు. తిరుగు ప్రయాణంలో ఆటోకి బాగా వెనకగా వచ్చాడు.

ఆ వారమే టైరు మారుస్తానన్నాడు. "నేనూ వస్తా" అంది అక్క. షాపు దాకా ఆటోలోనే వచ్చింది.

షాపాయన రెండు టైర్లు చూపించాడు. "ఇది ఎక్కువ కాలం వస్తుందమ్మా. ఇది మెత్త రబ్బరు, రోడ్డుని బాగా పట్టుకుంటుంది, కాకపోతే తొందరగా అరుగుద్ది. రేటూ ఎక్కువే."

"రెండు పనులూ చేసేది లేదా?" అన్నాడు బావ.

"అలాంటిది వస్తే ముందు నా బండికే వేసుకుంటా సార్."

బావ లెక్కలు మొదలుపెట్టాడు. వెనక టైరు బరువు మోస్తుంది, బండిని తోస్తుంది, అదెలాగూ త్వరగా పోతుంది. అక్కడ మెత్తది వేస్తే తట్టుకోలేం. తడిలో బ్రేకు వేస్తే భారమంతా ముందు టైరు మీదే. కాబట్టి ముందుది మెత్తది వేయాలి. మళ్ళీ ఇంత రేటు పెట్టి...

అక్క ఆపేసింది.

"ముందుది మెత్తదే వెయ్యండి. అది అరిగితే ఈయన జేబు అరుగుద్ది. నా చెయ్యి విరగదు."

అయినా వెంటనే బండెక్కలేదు. ఒక వానాకాలమంతా బావ ఒక్కడే తిరిగాడు. వానలో ఇంటికి వచ్చినప్పుడల్లా అక్క ముందు ఆయన్ని చూసేది, తర్వాత బండిని చూసేది.

తర్వాత ఒకరోజు ఆటోలు లేవు. స్వాతి కాలేజీలో మీటింగ్. అక్క చీర కుచ్చెళ్ళు సర్దుకుని వచ్చి వెనక కూర్చుంది. "మెల్లగా" అంది. ఆ ప్రయాణం గురించి బావ నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. సైకిళ్ళు కూడా తనని దాటి పోయాయట.

మెత్త టైరు ఆయన అనుకున్నదానికంటే ముందే అరిగింది. నాకు ఫోన్ చేసి తిట్టుకున్నాడు. మళ్ళీ అదే కొన్నాడు. ఆ తర్వాత కూడా అదే. గీతలు ఇంకా ఉండగానే మార్చేసేవాడు.

"ఇంకొన్నాళ్ళు వచ్చేది కదా బావా" అన్నాను.

"వెనక కూర్చున్నవాళ్ళకి బ్రేకు ఉండదురా" అన్నాడు.

నిన్న సాయంత్రం అన్నీ అయ్యాక అక్క పక్కన కూర్చున్నాను. తనే చెప్పింది.

"మొన్న ఆదివారం అద్దంకి నుంచి వస్తుంటే దారంతా వానేరా. రోడ్డు నిండా బురద. నేను ఆయన రెయిన్‌కోటు మీద తలపెట్టి నిద్రపోయా. ఇల్లొచ్చింది, దిగు విజయా అని లేపాడు."

పోయిరా బావా.

ఎండకీ వానకీ చాలా తిరిగావు. ఇక హాయిగా విశ్రాంతి తీసుకో.