వేలంలో దించని చెయ్యి

పోయిన వారం ఇక్కడ గల్ఫ్‌లో, హవల్లీలో స్కూలు బస్సు కడుగుతుంటే సల్వా నుంచి మా రాయచోటి అక్క ఫోన్ చేసింది. అక్కడ ఒక ఇంట్లో వంటపని ఆమెది. "బాబా పోయినాడు నాయనా. తెల్లారి నమాజుకు లేపుదామని పోతే లెయ్యలా," అంది. ఆ ఇంటి పెద్దాయనను మేమంతా బాబా అనే పిలిచేవాళ్లం. ఇఖామా, అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి, మార్చుకుని ఇటు వచ్చేదాకా నేను ఆయన డ్రైవరును.

బాబా వెనక సీట్లో కూర్చునేవారు కాదు. నా పక్కనే కూర్చుని, తిన్నావా అని అడిగి, తిన్నానన్నాకే యల్లా, ఇక పద అనేవారు. చిన్నప్పుడు తండ్రి వ్యాపారం వల్ల బొంబాయిలో కొన్నేళ్లు ఉన్నారు, అందుకే నాతో మాటలన్నీ హిందీలోనే. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి పాత తుపాకులు. ఏవీ పేలవు. వెండి కట్లున్నవి, ముత్యపు చిప్ప పొదిగినవి దివానియా గోడల నిండా ఉండేవి. సాయంత్రాలు మగవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే ఆ గదిలో, బాబా పక్కన ఎప్పుడూ ఒక స్నేహితుడు. బొంబాయిలో ఇద్దరిదీ ఒకే బడి.

ఒకసారి ఒక హోటల్లో తుపాకుల వేలం జరిగింది. చూపు ఆనడం లేదని బాబా నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఒక పొడవాటి తుపాకీ పాటకు వచ్చింది. ముందు వరసలో ఆ స్నేహితుడు చెయ్యెత్తారు. బాబా కూడా ఎత్తారు. మిగతావాళ్లు మానుకున్నా వీళ్లిద్దరూ ఆగలేదు. ధర ఎక్కడికో పోయింది. హాలంతా మెడలు తిప్పి చూస్తోంది. చివరికి స్నేహితుడు చెయ్యి దించి, సలాము కూడా చెప్పకుండా మా ముందు నుంచే వెళ్లిపోయారు. జనం చప్పట్లు కొట్టారు. నాకెందుకో తలెత్తబుద్ధి కాలేదు.

 కారు సిగ్నల్ దగ్గర ఆగాక బాబా అన్నారు. "అది వాళ్ల తాతది. చమురు రాకముందు ఇబ్బందుల్లో అమ్ముకున్నారు. నాకు తెలుసు."

 మరెందుకు పాడారో కూడా ఆయనే చెప్పారు. "అంతమంది ముందు చెయ్యి దించలేకపోయాను బేటా."

స్నేహితుడు దివానియాకు రావడం మానేశారు. బాబా అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారని అక్క చెప్పింది. కొన్నాళ్లకు బాబా ఆ తుపాకీని శాలువాలో చుట్టించి స్నేహితుడి ఇంటికి బయల్దేరారు. మోసుకెళ్లింది నేనే. స్నేహితుడు మర్యాదగా గహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోయించారు, ఆరోగ్యం అడిగారు. బాబా శాలువా విప్పబోతే మాత్రం ఆపేశారు. అరబీలోనే అన్నా నాకు అర్థమైంది.

"ఆరోజు నువ్వు ఊరుకుని ఉంటే ఇది మా తాత తుపాకీ. ఈరోజు తీసుకుంటే నువ్వు వేసిన బిచ్చం."

బాబా ముఖం చెవులదాకా ఎర్రబడింది. కప్పులో గహ్వా అలాగే ఉండిపోయింది.

ఇంటికొచ్చి గోడల మీదివన్నీ నాతో దింపించారు. ఆ ఒక్కదాన్నే గోడకు పెట్టించారు. మళ్లీ వేలానికి పోలేదు. వచ్చినవాళ్లు ఎంత బాగుందో అంటే, "దాని విలువకు ఎన్నో రెట్లు పెట్టాను. తుపాకీకి కాదు, నా పొగరుకు," అని మొత్తం కథ చెప్పేవారు. కొడుకులు నేలచూపులు చూసేవాళ్లు. ఏసీ బాగుచేయడానికి వచ్చినతనికి కూడా చెప్పారు. అందరికీ ఎందుకు బాబా అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. చెప్పకపోతే మర్చిపోతాను అన్నారు.

తప్పుచేసిన పెద్దవాళ్లను చాలామందినే చూశాను. డ్రైవరు ముందు దాన్ని ఒప్పుకున్న మనిషిని ఆయన్నొక్కరినే చూశాను.

అక్క ఫోన్ చేసిన రోజే సాయంత్రం శ్మశానానికి వెళ్లి, మిగతా డ్రైవర్లతో దూరంగా నిలబడ్డాను. ఆ స్నేహితుడు వచ్చారు. తన కొడుకు పట్టుకుంటే కష్టంగా వంగి గుప్పెడు ఇసుక తీసి గుంతలో వేశారు. గాలికి సగం ఆయన తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా మీదికే వచ్చి పడింది. కొడుకు దులపబోతే వద్దన్నారు. కారెక్కి కూర్చున్నాక కూడా ఆ ఇసుక ఆయన ఒడిలో అలాగే ఉంది.